పోట్లాట మానేసిన గోవిందరావు

ఆ ఉదయం రామతులసి ఉప్మాలో ఉప్పు వెయ్యలేదు. మరిచిపోయి కాదు, కావాలనే వెయ్యలేదు. ప్లేటు నిండా వడ్డించి, ఉప్పుడబ్బా కనుచూపు మేరలో లేకుండా దాచేసి, భర్త గోవిందరావు ముందు పెట్టి, కొంగు నడుముకు బిగించి నిలబడింది. ఈ రోజు మాత్రం తప్పించుకోలేడనుకుంది.

గోవిందరావు ఒక ముద్ద తిన్నాడు. ఆగాడు. రెండో ముద్ద తిన్నాడు. గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ ప్లేటంతా ఖాళీ చేసి, "బాగున్నాది తులసీ," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

తులసికి ఏడుపొచ్చింది.

తెలియనివాళ్ళు వింటే నవ్వుతారు. వంక పెట్టకుండా తిన్నాడని మొగుడి మీద ఏడ్చే ఆడదాన్ని ఎక్కడైనా చూశామా అంటారు. కానీ ఒడిశాలోని బరంపురంలో, అంకులి పేటలో, ఆ వీధివాళ్ళెవరూ నవ్వరు. గోవిందరావు రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా టికెట్ లేనివాళ్ళతో వాదించడంతోనే గడిచింది. ఇంటికొచ్చాక ఆ నోరు ఊరుకుంటుందా? రామతులసి కూడా ఒక మాట పడి ఊరుకునే రకం కాదు. పెళ్ళయిన మర్నాడు పప్పులో ఇంగువ పడాలా వద్దా అని మొదలైన వాదన రైల్వే క్వార్టర్లలో పెరిగి, సొంతింటికొచ్చాక బాగా బలిసింది. ఫ్యాను ఎంత జోరుగా తిరగాలి, చింతపండు ఎవరి కొట్లో కొనాలి, కొడుకు పెళ్ళిలో పులిహోర చాలకపోవడం ఎవరి తప్పు, ఏదైనా సరే ఇద్దరూ చెరో పక్క నిలబడేవారు. అరుచుకునేవారు, అలిగేవారు, అన్నాల వేళకి ఆ అలకని తలుచుకుని పడీ పడీ నవ్వేవారు. వాళ్ళ గొంతులు వినబడితే గానీ ఎదురింటి వాసవీకుమారి తెల్లారిందని నమ్మేది కాదు.

అలాంటి గోవిందరావు పోట్లాట మానేశాడు.

నిరుడు తులసి అక్క నీలమ్మ పోయినప్పటి నుంచీ ఈ వరస. కొడల అనే ఊళ్ళో ఉండే నీలమ్మ తలనొప్పి అంటూ కూలబడితే బరంపురం ఆస్పత్రికి తెచ్చారు. మళ్ళీ కళ్ళు తెరవకుండానే పోయింది. ఆస్పత్రి పనులన్నీ గోవిందరావే చూశాడు. గుండె ఆగిపోయిందన్నాడు. దినాలు అయ్యాక ఇంటికొచ్చిన మనిషి వేరే మనిషి. తులసి ఔనంటే ఔను, వద్దంటే వద్దు. బేరాల దగ్గర తులసి గొంతు పెరిగితే చాలు, పరుగున వచ్చి అడిగినంతా చేతిలో పెట్టి చేపలామెను పంపేసేవాడు. టీవీ సీరియల్లో అత్త కోడల్ని కొట్టబోతుంటే చప్పున చానల్ మార్చేసేవాడు. నీళ్ళ బకెట్ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

మొదట్లో తులసి ముచ్చటపడింది, అబద్ధమెందుకు. అక్క పోయిన దిగులులో ఉన్నానని ఓదారుస్తున్నాడనుకుంది. నెలలు గడిచినా ఆ ఓదార్పు ఆగకపోయేసరికి భయం పట్టుకుంది. తనంటే విసుగొచ్చేసిందా? ఈ మనిషితో వాదించి లాభం లేదని వదిలేశాడా? ఏమీ పట్టనివాళ్ళతోనే కదా మనం అంత మర్యాదగా ఉంటాం. తనతో పోట్లాడటం మానేసిన రోజునే మొగుడు తనని మనసులోంచి తీసేశాడని రామతులసి నిజంగానే నమ్మింది. ఈ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది? ఒకసారి నోరు జారి వాసవీకుమారితో అంటే, "కావాలంటే మా ఆయన్ని తీసుకెళ్ళి మీ ఆయన్ని ఇచ్చీ," అందావిడ.

కోడలు ఈశ్వరి స్కూల్లో టీచరు. జడ వేసుకుంటూ వంటింట్లోకి వచ్చి ఉప్మా నోట్లో పెట్టుకుంది.

"అత్తమ్మా, ఉప్పు లేదు."

"తెలుసు."

"మావయ్య తిన్నారా?"

"కడిగినట్టు తినీసినాడు. ఇంకేటి సెయ్యమంటావో నువ్వే సెప్పు. నిన్న ఆ నల్లకోటు పాత సామాన్లోడికి ఇచ్చీసినాను."

ఈశ్వరి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఉద్యోగం కోటా?"

"ఆ కోటే. బీరువాలో కలరా ఉండలేసి దాసుకున్న కోటు. ఏటన్నాడో తెలుసా? మంచి పని సేసినావు, బీరువాలో జాగా అయినాది అన్నాడు. మొకం మట్టుకు ఇంతయిపోనాది. పెరట్లోకెల్లి కాసేపు నిలబడి వచ్చినాడు. తిట్టలేదే ఈశ్వరీ. ఒక్క మాట తిట్టలేదు."

ఈశ్వరికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే అత్తగారి కళ్ళు చూసి, నవ్వు మింగేసింది. "మావయ్య మంచిగా ఉంటే మీకు బాధేటత్తమ్మా?"

"నాకు మంచోడు అక్కర్లేదు. నా మొగుడు గావాల," అంది తులసి.

అప్పుడే వీధి తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే నీలమ్మ భర్త పైడయ్య. భుజాన సంచీ నిండా తోటలో కాసిన వంకాయలు, జీడిపప్పు. నీలమ్మ ఏడాది కర్మ దగ్గరకొస్తోంది కదా, ఎలా చేద్దామో మాట్లాడటానికి కొడలలో మొదటి బస్సు పట్టుకుని వచ్చాడు. ఏడాదిలో మనిషి చిక్కి సగమయ్యాడు. తులసి కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, మరో ప్లేటు ఉప్మా పెట్టబోయి నాలిక కరుచుకుని అందులో ఉప్పునీళ్ళు కలిపి తెచ్చింది.

పైడయ్య టీ తాగుతూ మరదలి ముఖం వంక తేరిపార చూశాడు. "నువ్వు బాగున్నావు. సంతోసం. ఇంతకీ తలకాయ ఫొటో ఏటని వచ్చినాది తులసమ్మా?"

గోవిందరావు గట్టిగా దగ్గాడు. పైడయ్యకు అర్థం కాలేదు. గోవిందరావు కళ్ళతో సైగ చేశాడు. ఆ సైగ పైడయ్యకంటే ముందు తులసికి అందింది. టికెట్ లేనివాడు ఎలా దిక్కులు చూస్తాడో మొగుడు చెప్పిన కథల్లో ఎన్నిసార్లు వినలేదు ఆవిడ?

"ఏ ఫొటో బావా?"

"అదే, ఎమ్మారై. తమ్ముడు సెప్పలేదేటి?" అన్నాడు పైడయ్య, తోడల్లుడి వైపు చూపిస్తూ.

"ఆయన సెప్పరు. నువ్వు సెప్పు."

పైడయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఒకసారి గోవిందరావు వంక చూసి, తల దించుకుని చెప్పాడు. "మీ అక్కకి గుండె కాదమ్మా. తలలో రక్తం పారే నరం ఒకటి బుడగలాగ ఉబ్బి పగిలిపోనాది. మీ అమ్మ కూడా అలగే తలనొప్పంటూ ఒక్క పూటలో పోనాదని నాను సెప్తే, డాక్టరు మళ్ళీ మళ్ళీ అడిగినాడు. అయితే ఇది మీ ఇంట్లో రక్తంలో వత్తన్నట్టున్నాది, తోడబుట్టినోళ్ళకి తలకాయ నరాలు ఎమ్మారైలో సూయించండి, పగలకముందే కనిపెడితే దారుంటాది అన్నాడు. తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. తులసికి నాను సెప్తాను, నాను తీయిస్తాను అన్నాడు."

ఈశ్వరి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తులసి మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఏడాది," అంది. "మా అక్క ఎలగ పోనాదో నాకు తెలవకుండా ఏడాది దాసినారు. నా తలకాయలో ఏటున్నాదో సూసుకోమని సెప్పకుండా, నా సేతి వంట మెచ్చుకుంటా కూకున్నారు. అంతేనా?"

గోవిందరావు పైడయ్య టీ గ్లాసు తీసుకుని వంటింటి వైపు నడవబోయాడు.

"మాటాడండి. మీకు నోరున్నాది గదా. ఊరందరి టికెట్లూ అడిగిన నోరు."

"భయమేసినాది తులసీ," అన్నాడు గోవిందరావు. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, అది ఆయన గొంతేనా అనిపించింది. "ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూకుని అన్న ఏటన్నాడో నువ్వు ఇన్లేదు. మేక కంచె దాటొచ్చి బీరపాదు తినీసిందని ఇద్దరూ తగువాడుకున్నారట. ఆ తగువులోనే వదిన తల పట్టుకుని పడిపోనాదట. నేను ఇన్నాను. మనిద్దరం రోజుకెన్ని తగువులాడతాం? నీ తలలోనూ అలగే ఉంటే? నా మాటకే అది పగిలిపోతే?"

"అయితే ఫొటో తీయించాల గదా."

"తీస్తే ఉన్నాదని సెప్తారు. సెప్పినాక ఎలగ బతకడం? తీయకపోతే లేదని అనుకోవచ్చు. నేను నోరు మూసుకుంటే సాలు, నీకు కోపం రాకపోతే సాలు, అదే మందు అనుకున్నాను."

ఆస్పత్రిలో దారి ఉన్న జబ్బుకి ఇంట్లో మౌనవ్రతం పట్టిన మనిషిని ఏమనాలి? తులసి నోటి నిండా తిట్లు వచ్చి నిలబడ్డాయి. ఏడాదిగా తిట్టడానికి సరైన కారణం దొరక్క అల్లాడిన మనిషికి ఇంత పెద్ద కారణం దొరికింది. ఒక్కటీ బయటకు రాలేదు. ఎందుకంటే ఆ సరికే పైడయ్య భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అంటే నా నోరే దాన్ని సంపీసినాదా తమ్ముడూ," అంటున్నాడు. "ఆ మేక ఎంత, ఆ పాదెంత. నాను ఊరుకునుంటే బతికుండేదా?"

తులసి గబగబా వెళ్ళి బావ కుర్చీ పక్కన కూర్చుంది. "ఊరుకో బావా. మా అక్క నీతో తగువాడకుండా ఏ పూట తిన్నాది? కాపురానికి వచ్చిన కాడి నుంచీ ఆడతానే ఉన్నాది. అన్నాళ్ళు పగలనిది ఒక్క మేక వల్ల పగిలినాదేటి? ఆ బుడగ ఎప్పటి నుంచో అక్కడే ఉన్నాది. ఎవరూ సూడలేదు. అంతే."

ఆ మాట అని తులసి ఆగిపోయింది. ఎవరూ చూడలేదు. అమ్మకి అలా చూసే మిషను అప్పుడు లేదు. అక్కకి ఉండీ తెలియలేదు. తనకి తెలిసింది. భయం వేసింది, వెయ్యలేదని చెప్పదు. అయినా లేచి నిలబడి, "ఈశ్వరీ, స్కూలుకి సెలవెట్టు. ఏ డాక్టరు దగ్గరకెల్లాలో కనుక్కో," అంది.

ఈశ్వరి భర్త, అంటే వాళ్ళ కొడుకు లోకనాథ్, ఆఫీసు పని మీద భువనేశ్వర్ వెళ్ళి ఉన్నాడు. ఫోనులో విషయం విని, పని తెమిలించుకుని మర్నాడు సాయంత్రం రైలుకి బయలుదేరతానన్నాడు. ఈలోగా ఈశ్వరే అన్నీ చూసుకుంది. మెదడు డాక్టరమ్మ, తులసి తల్లి సంగతీ అక్క సంగతీ అడిగి, బీపీ చూసి పెదవి విరిచి, రక్తనాళాలు మాత్రమే కనబడేలా తీసే ఎమ్మారై రాసింది. సూది లేదు, కోత లేదు, కదలకుండా పడుకుంటే చాలు అంది.

మర్నాడు స్కాన్ సెంటర్‌కి అందరికంటే ముందు తయారైంది తులసి. పైడయ్య ఇంటి దగ్గర ఉండిపోయాడు. ఆస్పత్రి వాసన ఆయనకు పడటం లేదు. ఆటోలో గోవిందరావు బిగుసుకుని కూర్చుంటే, తులసే రోడ్డు మీద గుంతలు వచ్చినప్పుడల్లా ఆయన్ని పట్టుకుంది.

లోపలికి పిలవగానే మిషను చూసే కుర్రాడు ఒడియాలో చెప్పాడు. మిషను పెద్ద అయస్కాంతమనీ, ఒంటి మీద లోహమన్నది ఏదీ ఉండకూడదనీ, పిన్నులు మొదలుకొని అన్నీ తీసెయ్యాలనీ. తులసి హాల్లోకి తిరిగొచ్చి తియ్యడం మొదలుపెట్టింది. జడలోంచి పిన్నులు వచ్చాయి. భుజం మీద పైట మడతలకు పెట్టిన పిన్నీసు వచ్చింది. మంగళసూత్రం గొలుసుకు అవసరానికుంటాయని తగిలించుకున్న పిన్నీసులు గుత్తుగా వచ్చాయి. ఎదురుగా బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఒడియా ఆడవాళ్ళు వాటిని చూసి నవ్వి, తమ గొలుసులకున్న గుత్తులు కూడా చూపించారు. మట్టెలు వచ్చాయి. ముక్కుపుడక మరలు బిగుసుకుపోయి, ఈశ్వరి కొబ్బరినూనె రాసి తిప్పి తిప్పి తీసింది.

చివరికి మంగళసూత్రం మిగిలింది. తులసి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇది నాను తియ్యను."

"అత్తమ్మా, బంగారమే గదా, నా దగ్గర భద్రంగా ఉంటాది."

"బంగారం పోతాదని కాదే. ఆయన ఎదురుగా కూకునుండగా నా మెడ బోసిగా ఎలగ సేసుకోను? మా అమ్మ సేసుకోలేదు, మా అక్క సేసుకోలేదు. ఇద్దరూ పుణ్యస్త్రీలుగానే పోనారు."

మిషను కుర్రాడు వచ్చి ఓపిగ్గా బతిమాలాడు. మెడ దగ్గర అది ఉంటే ఫొటో చెడిపోతుందన్నాడు. తులసి సూత్రాలను గుప్పిట్లో బిగించుకుంది. నిన్న ఇంట్లో భయం ఎందుకని మొగుణ్ణి నిలదీసిన మనిషి, ఇప్పుడు తన భయం దగ్గర ఒక్క అడుగు ముందుకు వెయ్యలేకపోయింది. "ఇంటికెల్లిపోదాం పదండి," అంది చిన్నగా.

"ఉండు," అన్నాడు గోవిందరావు.

లేచి బయటకు వెళ్ళాడు. వెళ్ళడం కాదు, ఆ వయసులో పరుగే అది. తిరిగొచ్చేసరికి చొక్కా ముందు భాగమంతా పసుపు. వేళ్ళన్నీ పసుపు. చేతిలో పసుపు రాసిన దారం, దాని మధ్యలో కట్టిన పసుపుకొమ్ము. వీధి మలుపులో పూజ సామాన్లు అమ్మే ఆమె దగ్గర కొని, అక్కడే గట్టు మీద కూర్చుని దారానికి పసుపు పట్టించాడట.

"ముందు ఇది కట్టీత్తాను. తర్వాత అది తీద్దాం. నీ మెడ ఒక్క రెప్పపాటు కూడా ఖాళీగా ఉండదు," అన్నాడు.

తులసి తల వంచింది. గోవిందరావు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఆయనకు మంత్రాలు రావు. వచ్చిన ఒకటీ అరా ఆ గాభరాలో ఎగిరిపోయాయి. వణికే వేళ్ళతో ముడి వేస్తూ, "తులసీ, తులసీ," అన్నాడు. అదే మంత్రం.

బెంచీ మీది ఆడవాళ్ళకు తెలుగు రాకపోయినా ఏం జరుగుతోందో అర్థమైంది. వాళ్ళలో ఒక ముసలమ్మ ముందు లేచింది. ఆమె తలలో ఏముందో చూడటానికే కొడుకులు తీసుకొచ్చారు, అయినా లేచింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒడియా పెళ్ళిళ్ళలో చేసినట్టు నాలిక ఆడిస్తూ హుళహుళి ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. ఆ మంగళధ్వనికి హాలు మారుమోగింది. ఏదో గొడవ జరిగిందని సెక్యూరిటీ అతను కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చి, పసుపు చేతులతో నిలబడ్డ గోవిందరావునీ, తల వంచుకున్న తులసినీ చూసి, కర్ర చంకలో పెట్టుకుని దండం పెట్టాడు. ఈశ్వరి పగలబడి నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చేతిలో అక్షింతలు లేక, సంచీలో ఉన్న మల్లెపూలు తుంచి ఇద్దరి మీదా వేసింది.

"భలొ హెబొ," అంది ముసలమ్మ తులసి బుగ్గ పుణికి, అంతా బాగవుతుందని.

మిషను లోపల పడుకున్నాక చప్పుడు మొదలైంది. టకటకలు, దబదబలు, నడుమ నడుమ సైరను. చాలామంది హడలిపోతారట. తులసికి మాత్రం రైలుపట్టాల పక్క క్వార్టర్లో పడుకున్నట్టే అనిపించింది. గూడ్సు బండి పోతుంటే గోడలన్నీ అలాగే అదిరేవి. ఆ చప్పుడులో కూడా వినబడేలా అరుచుకునేవారు తామిద్దరూ. కళ్ళు మూసుకుంటే మెడ వెనక ఆ వేళ్ళ వణుకు ఇంకా తగులుతూనే ఉంది. తనంటే విసుగొచ్చిందనుకుంది. మనసులోంచి తీసేశాడనుకుంది. ఉప్పులేని ఉప్మా తిన్నప్పుడు, కోటు పోయినప్పుడు, ప్రతి మాట మింగినప్పుడు ఆయన తన ప్రాణాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడన్నమాట. తెలివితక్కువ పనే. అంత తెలివితక్కువ పని తన కోసం ఇంకెవరు చేస్తారు? కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. కదలకూడదన్నారని తుడుచుకోలేదు.

సాయంత్రం డాక్టరమ్మ కంప్యూటరు తెర వాళ్ళ వైపు తిప్పింది. నల్లటి తెర మీద రక్తనాళాలు ఆకులు రాలిన చింతకొమ్మల్లా తెల్లగా మెరుస్తున్నాయి. ఒక కొమ్మ రెండుగా చీలిన చోట ఆవిడ పెన్ను ఆనించింది. అక్కడ చిన్న ఉబ్బు ఉంది.

గోవిందరావు బల్ల అంచు పట్టుకున్నాడు. ఈశ్వరి ఆయన భుజం పట్టుకుంది.

"ఎంతున్నాది?" అని అడిగింది తులసి.

"మిరియం గింజంత కూడా లేదు," అంది డాక్టరమ్మ. "ఇంత చిన్నవి, ఇలాంటి చోట ఉన్నవి పగలడం చాలా అరుదు. ఇప్పుడు ఆపరేషన్ అవసరం లేదు. బీపీ మాత్ర ఒక్క రోజు కూడా మానకూడదు. మళ్ళీ ఇలాగే ఫొటో తీసి పెరుగుతోందేమో చూస్తూ ఉందాం. పెరిగితే, కాలి దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి లోపలే మూసేసే మార్గం ఉంది. భరించలేని తలనొప్పి ఒక్కసారిగా వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకుండా వెంటనే రావాలి. మీరు వచ్చి మంచి పని చేశారు."

తులసి తెర వంక కళ్ళార్పకుండా చూసింది. అమ్మని తీసుకుపోయింది ఇలాంటిదే, అక్కని తీసుకుపోయింది ఇలాంటిదే. ఇన్నేళ్ళూ పేరూ ముఖమూ లేకుండా ఇంట్లో తిరిగినది ఇప్పుడు ఎదురుగా, వేలితో చూపించగలిగేంత చిన్నదిగా ఉంది. ఆవిడకు ఒళ్ళంతా తేలికైపోయింది. మొగుడి వైపు తిరిగి, "సూసినారా, టికెట్టు లేకుండా నా తలకెక్కి కూకున్నాడు ఈడు. మీ పక్కనే తిరుగుతుంటే కనిపెట్టలేపోనారు. ఈ మిసను కనిపెట్టీసినాది," అంది.

గోవిందరావు నవ్వబోయి ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకుని, ఎంతో సంకోచంగా డాక్టరమ్మని అడిగాడు. "అమ్మా, ఇంట్లో... మాటామాటా అనుకోవచ్చా?"

ఆవిడకు మొదట అర్థం కాలేదు. ఈశ్వరి ఏడాది కథంతా చెప్పింది. డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నరాలు తెంచుకునేలా అరుచుకోవద్దు. అది ఎవరికీ మంచిది కాదు. కానీ మొగుడు మాట్లాడటం లేదని ఏడాదిగా నిద్రపోకుండా ఆలోచిస్తే బీపీ పెరగదా? మామూలు కీచులాటలకి నేను అడ్డు చెప్పను."

బయటకు రాగానే తులసి చేసిన మొదటి పని రామయ్యపట్నంలో ఉన్న తమ్ముడు అప్పలరాజుకు ఫోన్ చెయ్యడం. "ఒరే, ఎల్లుండి బరంపురం రావాల. ఏటా? నీ తలకాయలో ఏటున్నాదో సూడాల. ఏటీ ఉండదంటావేటి, సూత్తే కదా తెలుస్తాది. పెళ్ళాన్ని కూడా తీసుకురా. వత్తావా, నన్నే రమ్మంటావా?" అవతల అప్పలరాజు ఏమన్నాడో గానీ, వస్తానన్నాకే ఫోన్ పెట్టింది.

రాత్రికి ఇల్లు పెళ్ళిల్లులా ఉంది. లోకనాథ్ భువనేశ్వర్ నుంచి వచ్చి తల్లి పక్కన అతుక్కుని కూర్చున్నాడు. వాసవీకుమారి పరామర్శకు వచ్చి పకోడీలకు ఉండిపోయింది. తులసి మెడలో గొలుసు తిరిగి వేసుకుంది గానీ పసుపుతాడు తియ్యలేదు. దాన్ని చూపిస్తూ, హాల్లో జరిగిన రెండో పెళ్ళి కథంతా పైడయ్యకు చెబుతోంది. హుళహుళి చేసి వినిపించింది, సెక్యూరిటీ అతని దండం పెట్టి చూపించింది. గోవిందరావు ఒక మూల కూర్చుని నవ్వుతూ వింటున్నాడు. ఇంకా నోరు విప్పలేదు. మధ్యలో రెండుసార్లు బీపీ మాత్ర వేసుకున్నావా అని మాత్రం అడిగాడు.

తులసి ఓరకంట ఆయన్ని చూసింది. గొంతు పెంచింది.

"ఎంత సేసినా రెండు ముళ్ళే వేసినారు బావా. మూడోది వెయ్యలేదు. సెయ్యి వణికిపోనాది."

గోవిందరావు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"మా పెళ్ళిలోనూ అంతే. రెండు ముళ్ళేసి దిక్కులు సూత్తన్నారు. మూడోది వాళ్ళ అప్ప, మా ఆడపడుచు, వేసినాది. ఈయనకి ముడెయ్యడం ఏనాడు వచ్చినాది గనక."

"కాదు," అన్నాడు గోవిందరావు.

ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ వినని మాట అది.

"కాదు," అన్నాడు మళ్ళీ, ఈసారి ప్లాట్‌ఫారం చివరికి వినబడే గొంతుతో. "పెళ్ళిలో మూడూ నేనే వేసినాను. మా అప్ప దీపం పట్టుకుని నిలబడినాది, అంతే. నువ్వు తల దించుకుని కూకున్నదానివి, నీకేటి తెలుసు? నిన్నటి దాకా నోరు మూసుకున్న మొగుణ్ణనుకున్నావా? ఈ రోజు కూడా మూడేసినాను."

"రెండు."

"మూడు. నా వేళ్ళతో వేసినాను. నీ ఎనక నీకు కళ్ళున్నాయా?"

"నా మెడకి తెలీదా?" అంటూ తులసి అరుస్తోంది, కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ముఖమంతా నవ్వు. వాసవీకుమారి పకోడీ నమలడం మానేసింది. మేక తగువు తలుచుకుని ఏడాదిగా ముడుచుకుపోయిన పైడయ్య, వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తూ, ఒక్కసారిగా గట్టిగా నవ్వేశాడు.

"ఉండండి," అంది ఈశ్వరి. అత్తగారి వెనక్కి వెళ్ళి, జడ పక్కకు తీసి, పసుపుతాడు దీపం వెలుగులోకి ఎత్తి చూసింది. మళ్ళీ చూసింది. "ఇద్దరూ ఓడిపోయారు. నాలుగున్నాయి."

"ఇదిగో, లెక్క కూడా రాదు," అంది తులసి విజయంగా. "మూడు ముళ్ళని లోకమంతా సెప్తంటే, ఆ నాలుగోది ఏల వేసినారు?"

గోవిందరావు గొంతు మళ్ళీ చిన్నదైంది.

"జారిపోతావేమోనని," అన్నాడు.

రామతులసి కొంగుతో కళ్ళు తుడుచుకుని, లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఆ పూటకి గోవిందరావే నెగ్గాడు.